తండ్రి గదిలో కూతురు: ‘నోస్ట్రడామస్ – ది లాస్ట్ ప్రాఫెసీ’ గేమ్ సమీక్ష

ప్రపంచంలో ఎక్కడ పెద్ద యుద్ధం మొదలైనా, ఏ మహమ్మారి ప్రబలినా, కొత్త సంవత్సరం దగ్గరపడినా తెలుగు పత్రికల్లోనూ టీవీ ఛానళ్లలోనూ ఒక ఫ్రెంచి జ్యోతిష్కుడి పేరు తప్పకుండా వినిపిస్తుంది. బ్రహ్మంగారి కాలజ్ఞానంతో కలిపి చెబుతూ ఉండడం వల్ల ఆ పేరు మనకు పరాయిదిగా కూడా అనిపించదు. అయితే ఆ ప్రస్తావనల్లో ఎక్కడా నోస్ట్రడామస్ అనే మనిషి కనిపించడు. ఆయన ఏ ఊరివాడో, ఏం చేసి బతికాడో, ఇంట్లో ఎవరెవరు ఉండేవారో ఎవరూ చెప్పరు. 2007లో ఫ్రాన్సుకు చెందిన ఖియోప్స్ స్టూడియో, ఎమ్‌జోన్ స్టూడియో కలిసి తయారుచేసిన ‘నోస్ట్రడామస్ – ది లాస్ట్ ప్రాఫెసీ’ అనే కంప్యూటర్ అడ్వెంచర్ గేమ్ ఆ మనిషిని ఆయన ఊరిలో, ఆయన ఇంట్లో, ఆయన పిల్లల మధ్య చూపించడానికి ప్రయత్నించింది. ఆ ప్రయత్నంలో తయారీదారులు తీసుకున్న ఒక నిర్ణయం వల్లనే ఇన్నేళ్ల తరువాత కూడా ఈ గేమ్ గురించి శ్రద్ధగా రాయాలనిపిస్తోంది: ఇందులో కథను నడిపేది జ్యోతిష్కుడు కాదు, ఆయన పెద్ద కూతురు మదలేన్.

కథాకాలం 1566. ఫ్రాన్సు రాజమాత కాథరిన్ ద మెదీచి తన పరివారంతో దక్షిణ ఫ్రాన్సులోని సాలోన్ ద ప్రోవాన్స్ పట్టణానికి వచ్చి ఉంటుంది. రాజకుటుంబం మీద ఏదో పాత శాపం పనిచేస్తోందన్న భయం ఆమెది. అంతలో ఆ పరిసరాల్లో హత్యలు మొదలవుతాయి. చనిపోయిన వారి తీరు చూస్తే, ప్రాచీన రోమ్ చక్రవర్తులు ఎలా మరణించారని చరిత్రలో చదువుకున్నామో ఆ తీరునే ఎవరో అనుకరిస్తున్నట్టు అర్థమవుతుంది. నోస్ట్రడామస్ ముసలితనంతో, జబ్బుతో కదలలేని స్థితిలో ఉన్నాడు. దర్యాప్తు చేయవలసిన బాధ్యత మదలేన్ మీద పడుతుంది. కానీ ఆ కాలంలో ఒక ఆడపిల్ల శవాన్ని పరీక్షిస్తానంటే, అధికారులను ప్రశ్నిస్తానంటే సాగదు కనుక ఆమె తన తమ్ముడు సెజార్ వేషం వేసుకుని బయలుదేరుతుంది. ఇంతకుమించి కథ చెప్పడం ఆడబోయేవారికి అన్యాయం చేయడమే అవుతుంది.

రోమ్ చక్రవర్తుల మరణాలను హత్యలకు నమూనాగా తీసుకోవడం చాలా తెలివైన ఎంపిక. తొలి చక్రవర్తుల జీవితాలను రాసిన సూటోనియస్ పదహారవ శతాబ్దపు ఐరోపాలో లాటిన్ చదువుకున్న వారందరికీ పరిచితుడు. అందువల్ల హత్యలు విధి నడిపించినవా, లేక ఆ పుస్తకం చదివిన మనిషి చేయిస్తున్నవా అన్న ప్రశ్న ఆడేవారి మనసులో తొలి శవం దగ్గరే పుడుతుంది. జోస్యాన్ని నమ్మే రాజమాత, జోస్యం చెప్పి పేరు సంపాదించిన తండ్రి, వీరిద్దరి మధ్య సాక్ష్యాలు ఏరుకుంటూ తిరిగే కూతురు – ఈ మూడు కోణాల మధ్య ఉన్న బిగువే కథకు ప్రాణం.

ఇక్కడ అసలు చరిత్ర కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ గేమ్ ఏం సాధించిందో తెలియాలంటే అది తెలిసి ఉండాలి. నోస్ట్రడామస్‌గా పేరుపడ్డ మిషెల్ ద నోస్ట్రెడామ్ 1503 డిసెంబరులో సెయింట్ రెమీ ద ప్రోవాన్స్‌లో, క్రైస్తవంలోకి మారిన యూదు మూలాలున్న కుటుంబంలో పుట్టాడు. మొదట మందులు తయారుచేసే వృత్తిలో ఊరూరా తిరిగాడు. 1529లో మోంపెలియే విశ్వవిద్యాలయంలో వైద్యం చదవడానికి చేరితే, మందులు తయారుచేసే చేతిపని చేసినవాడన్న కారణంతో పంపించివేశారు. తొలి భార్యనూ ఇద్దరు పిల్లలనూ అంటువ్యాధి తీసుకుపోయింది. 1546లో ఎక్స్ అనే నగరంలో ప్లేగు వచ్చినప్పుడు అక్కడ పనిచేశాడు. ఆ మరుసటి ఏడు సాలోన్‌లో ఆన్ పోన్సార్డ్ అనే వితంతువును పెళ్లాడి అక్కడే స్థిరపడ్డాడు. వారికి ముగ్గురు ఆడపిల్లలు, ముగ్గురు మగపిల్లలు. 1550 నుంచి ఏటేటా పంచాంగం వంటి చిన్న పుస్తకాలు ప్రచురించాడు. ఆయనకు పేరూ డబ్బూ మొదట వాటివల్లనే వచ్చాయి. నాలుగేసి పాదాల పద్యాలున్న ‘ప్రొఫెసీ’ గ్రంథం తొలి భాగం 1555లో లియోన్ నగరంలో అచ్చయింది. ఆ ముద్రణలో 353 పద్యాలున్నాయి. దాని ముందుమాట అప్పటికి రెండేళ్లు కూడా నిండని కొడుకు సెజార్‌ను ఉద్దేశించి రాసిన లేఖ.

కొడుకుకు అంకితమైన ఆ ముందుమాట ప్రపంచమంతా తెలుసు. కూతురి గురించి చరిత్ర మిగిల్చినది చాలా కొద్ది. నోస్ట్రడామస్ 1566 జూన్ 17న వీలునామా రాయించాడు. మదలేన్‌కు 600 బంగారు నాణేలు, మిగతా ఇద్దరు కూతుళ్లకు 500 చొప్పున కేటాయించాడు. తన గ్రంథాలను మాత్రం కొడుకుల్లో ఎవరు చదువులో ఎక్కువ రాణిస్తే వారికి ఇమ్మన్నాడు. జూన్ 30న చేసిన అనుబంధంలో నక్షత్రాల ఎత్తు కొలిచే ఇత్తడి ఆస్ట్రోలేబ్‌నూ, ఎర్రరాయి పొదిగిన బంగారు ఉంగరాన్నీ సెజార్ పేర రాసి, తన చదువుల గదిలో ఉన్న రెండు అక్రోటు కర్ర పెట్టెలను, వాటిలోని బట్టలతో నగలతో సహా మదలేన్ పేర రాశాడు. వాటిలో ఏమున్నదో ఆమె తప్ప మరెవరూ చూడకూడదని కూడా షరతు పెట్టాడు. ఆ తరువాత రెండు రోజులకే, జూలై 2న ఆయన మరణించాడు.

పుస్తకాలు, పరికరం కొడుకులవైపు, పెట్టెలు కూతురివైపు. గేమ్ తయారీదారులు ఈ పత్రాన్ని దగ్గర పెట్టుకుని కథ అల్లారని నేను చెప్పడం లేదు. కానీ వారు చేసిన కల్పన సరిగ్గా ఈ లోటునే పూరిస్తుంది. తండ్రి గదిలోకి వెళ్లి, ఆయన పుస్తకాలు తిరగేసి, ఆయన గణితాన్ని ఉపయోగించి, ఆయన మందులు నూరి, నలుగురిలో ఆయన తరఫున మాట్లాడే హక్కును ఈ గేమ్ మదలేన్‌కు ఇస్తుంది. మన బ్రహ్మంగారి పరంపరలో ఆయన మనవరాలు ఈశ్వరమ్మ జ్ఞానమార్గాన్ని స్వయంగా నడిపిన గురువుగా కందిమల్లయపల్లెలో ఈనాటికీ పూజలందుకుంటోంది కనుక, జ్ఞాని ఇంట పుట్టిన ఆడపిల్ల ఆ జ్ఞానానికి వారసురాలు కావడం తెలుగు పాఠకులకు వింతగా తోచదు. సాలోన్‌లోని మదలేన్‌కు మాత్రం ఆ అవకాశం దొరికినట్టు ఎక్కడా దాఖలా లేదు. ఈ గేమ్‌లోనే దొరికింది.

మారువేషం ఇందులో పేరుకు పెట్టిన అలంకారం కాదు, ఆట నడకే దాని మీద ఆధారపడి ఉంటుంది. మదలేన్‌గా వెళ్తే పలికే మనుషులు కొందరు, సెజార్‌గా వెళ్తేనే నోరు విప్పేవారు మరికొందరు. ఎవరి దగ్గరికి ఏ రూపంలో వెళ్లాలో ఆలోచించడమే దర్యాప్తులో సగభాగం. ఒకే మనిషి పట్ల ఒకే ఊరి జనం రెండు రకాలుగా ప్రవర్తించడం చూస్తుంటే, ఆనాటి సమాజం గురించి పది పేజీల వ్యాసం చెప్పగలిగినదానికన్నా ఎక్కువే అర్థమవుతుంది. ఇందులో మరో చక్కని పొందిక ఉంది. చరిత్రలోని నోస్ట్రడామస్ 1555లో మరో పుస్తకం కూడా అచ్చువేయించాడు. అది జోస్యాల పుస్తకం కాదు; ముఖానికి పూసుకునే లేపనాలు, జుట్టుకు వేసే రంగులు, పళ్లు తెల్లబరిచే పొడులు, ఆ వెనుక పండ్లను పంచదార పాకంలో నిల్వచేసే పద్ధతులు వివరించే గ్రంథం. ఎక్స్ నగరపు ప్లేగులో వాడిన గులాబీ రేకుల మందు తయారీ కూడా అందులోనే ఉంది. అటువంటి తండ్రి ఇంట్లో పెరిగిన అమ్మాయి రంగులతో, లేపనాలతో తమ్ముడిలా మారగలగడం కథకోసం అతికించినట్టు అనిపించదు. ఆ ఇంటి విద్యే ఆమెకు అక్కరకు వచ్చినట్టు ఉంటుంది.

ఇక చిక్కుముడుల సంగతి. ఖియోప్స్ స్టూడియో 2004 నుంచి ఇటువంటి గేమ్‌లలో నైపుణ్యం సంపాదించిన సంస్థ. జూల్ వెర్న్ కథాలోకాన్ని ఆధారం చేసుకున్న ‘రిటర్న్ టు మిస్టీరియస్ ఐలండ్’లోనూ, లియోనార్డో డావిన్సీ ఇంటి చుట్టూ అల్లిన గేమ్‌లోనూ వారి పద్ధతి ఇదే: దొరికిన వస్తువులను సంచిలో వేసుకోవడం, వాటిని జతచేసి కొత్త పనిముట్లు తయారుచేయడం, పత్రాలు చదివి అందులోని సమాచారాన్ని పనిలో పెట్టడం. ఇక్కడ ఆ పద్ధతి విషయానికి మరింత బాగా నప్పింది. జ్యోతిష్కుడి గది ఒక ప్రయోగశాల; మూలికలు, సీసాలు, కొలతలు, గ్రహాల పట్టికలు, సంకేతలిపిలో రాసిన కాగితాలు. జాతకచక్రంలో గ్రహాలను వాటివాటి స్థానాల్లో అమర్చవలసిన ఘట్టాలు నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నాయి. భవిష్యత్తు చెప్పడం అంటే కళ్లు మూసుకుని దర్శనం పొందడం అనే సినిమా ఊహను పక్కకు నెట్టి, పదహారవ శతాబ్దంలో అది లెక్కలతో, పట్టికలతో, ఓపికతో చేసే శ్రమ అని ఈ ఘట్టాలు చూపిస్తాయి. ఆ లెక్కల ఫలితాన్ని నమ్మాలా వద్దా అన్నది వేరే మాట. శ్రమ మాత్రం నిజం.

తెలుగువారికి ఈ భాగంలో కొంత సౌలభ్యం ఉంది. మేషం నుంచి మీనం దాకా పన్నెండు రాశుల వరుస మనకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చినదే. గేమ్‌లోని చక్రంలో కూడా ఆ వరుసే. తేడా గమనించవలసిన చోట్లు రెండున్నాయి. మన పంచాంగం నక్షత్రాల స్థానాన్ని బట్టి లెక్కించే నిరయన పద్ధతిది, అక్కడివారిది విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే సమయం) నుంచి లెక్కించే సాయన పద్ధతి. అందుచేత సూర్యుడు మేషంలో ప్రవేశించే తేదీ మన తేదీతో కలవదు. రెండవది, రాశులకూ గ్రహాలకూ అక్కడివారు వాడే గుర్తులు మన జాతకచక్రాల్లో ఉండవు. వాటిని ముందే ఒక కాగితం మీద గీసి పెట్టుకుంటే ఆ ఘట్టాల్లో సగం కష్టం తగ్గుతుంది. యురేనస్‌ను కనుగొన్నది 1781లో కనుక ఆ కాలపు చక్రంలో శని తరువాత మరో గ్రహం కోసం వెతకవలసిన పని లేదు.

ఆడే తీరు పూర్తిగా మౌస్ మీదే. మదలేన్ కళ్లతోనే లోకాన్ని చూస్తాం. ఒకచోట నిలబడి చుట్టూ పూర్తిగా తిరిగి చూడవచ్చు, పైకీ కిందికీ కూడా చూడవచ్చు. బాణం గుర్తు కనబడిన వైపు నొక్కితే తరువాతి చోటికి చేరుకుంటాం. నేటి గేమ్‌లకు అలవాటుపడినవారికి ఈ గెంతుల నడక మొదట చికాకు కలిగిస్తుంది. దిక్కు తప్పడం కూడా సహజం. అయితే ఈ పద్ధతి వల్ల ఒక్కొక్క దృశ్యాన్నీ చిత్రపటంలా శ్రద్ధగా రూపొందించే వెసులుబాటు చిత్రకారులకు దొరికింది. ప్రోవాన్స్ ప్రాంతపు లేత పసుపు రాతి గోడలు, వాటి మీద పడే ఎండ, ఇళ్ల లోపలి చీకటి, బల్ల మీద పరిచిన గాజు పాత్రలు చూస్తూ కాసేపు ఏమీ చేయకుండా నిలబడాలనిపిస్తుంది.

మనుషుల విషయంలో అంత తృప్తి కలగదు. ముఖాల్లో కదలిక తక్కువ. సంభాషణలు ఒక్కోసారి పాఠం అప్పజెప్పినట్టు సాగుతాయి. వీధులు ఖాళీగా ఉంటాయి. రాజమాత తన పరివారంతో దిగిన ఊరిలో గుర్రాలు, సేవకులు, సైనికులు, చూడవచ్చిన పల్లెజనం కిటకిటలాడాలి. 2007 నాటి చిన్న సంస్థ శక్తికి అది మించిన పని అని అర్థం చేసుకోవచ్చు గానీ, లోటు లోటే. పట్టణం గురించి కూడా ఇంకా చెప్పి ఉండవలసింది. సాలోన్‌కే చెందిన ఇంజనీరు ఆదామ్ ద క్రాపోన్ ద్యురాన్స్ నది నీటిని మెట్ట భూములకు మళ్లించే కాలువ తవ్విస్తే, ఆ పనికి పెట్టుబడి పెట్టినవారిలో నోస్ట్రడామస్ ఒకడు. కాలువకు డబ్బు పెట్టిన జోస్యుడు అన్న ఒక్క వివరం చాలు ఆయన్ను ఇంటిపెద్దగా, ఊరిపెద్దగా నిలబెట్టడానికి. అటువంటి వివరాలకు కథలో ఇంకా చోటు ఇచ్చి ఉంటే గేమ్ మరింత బరువుగా ఉండేది.

చరిత్రతో గేమ్ తీసుకున్న స్వేచ్ఛ కూడా తెలుసుకుని ఆడడం మంచిది. కాథరిన్ నిజంగానే సాలోన్‌కు వచ్చి నోస్ట్రడామస్‌ను కలిసింది, కానీ అది 1564 అక్టోబరులో. పద్నాలుగేళ్ల కొడుకు, రాజు తొమ్మిదవ చార్లెస్‌ను దేశమంతా తిప్పి ప్రజలకు చూపించే సుదీర్ఘ యాత్రలో భాగంగా వచ్చి, జ్యోతిష్కుడికి రాజవైద్యుడి హోదా ఇచ్చి వెళ్లింది. గేమ్ ఆ రాకను జరిపి, జ్యోతిష్కుడి చివరి సంవత్సరంలో పెట్టింది. కథకు అవసరమైన మార్పే ఇది, దానివల్ల నష్టం లేదు. వయసుల మార్పు అంతకన్నా పెద్దది. 1553 డిసెంబరులో పుట్టిన సెజార్‌కు 1566 వేసవి నాటికి పన్నెండేళ్లు. మదలేన్‌కు సుమారు పదిహేను. పన్నెండేళ్ల పిల్లవాడి వేషంలో వచ్చినవారికి ఏ అధికారీ సమాధానం చెప్పడు కనుక గేమ్ ఇద్దరినీ పెద్దవాళ్లను చేసింది. ఈ సంగతి తెలిసిన తరువాత కథ మీద ఆసక్తి తగ్గకపోగా, తండ్రి పోయేనాటికి ఆ పిల్లలు ఎంత చిన్నవారో తలచుకుని మనసు బరువెక్కుతుంది.

జోస్యాల పట్ల గేమ్ చూపే వైఖరి నాకు నచ్చింది. నోస్ట్రడామస్ కీర్తికి మూలస్తంభంగా అందరూ చెప్పే పద్యం యువసింహం ముసలి సింహాన్ని ఓడిస్తుందన్నది. 1559లో కాథరిన్ భర్త, ఫ్రాన్సు రాజు రెండవ హెన్రీ ఈటెల పోటీలో ప్రత్యర్థి మోంగోమెరీ చేతి ఈటె ముక్క కంట్లో దిగి, పదిరోజుల తరువాత జూలై 10న చనిపోతే ఆ పద్యం నిజమైందంటారు. ఆ పద్యాన్నీ ఆ మరణాన్నీ ముడిపెట్టి అచ్చువేసినది 1614లో, అంటే యాభై అయిదేళ్ల తరువాత. వేసినవాడు ప్రోవాన్స్ చరిత్ర రాసిన కొడుకు సెజార్. పద్యం ముందు పుట్టి, అర్థం తరువాత పుట్టడం, ఆ అర్థాన్ని ఇంటివారే కట్టడం – ఇదే ఈ గేమ్‌లో కథావస్తువుగా మారిందని నాకు అనిపించింది. హత్యాస్థలంలో దొరికిన ప్రతి ఆనవాలునూ శాపంతో ముడిపెట్టాలని అందరూ తొందరపడుతుంటే, మదలేన్ మాత్రం వస్తువును చేతిలోకి తీసుకుని చూస్తుంది. తండ్రి పట్ల గౌరవం తగ్గకుండానే తండ్రి పేరు చుట్టూ అల్లుకున్న భయాన్ని విప్పుతుంది.

ఇదే జ్యోతిష్కుడి పేరును పెద్ద సంస్థలు ఎలా వాడుకున్నాయో చూస్తే ఈ చిన్న గేమ్ విలువ ఇంకా తెలుస్తుంది. 2014లో యూబీసాఫ్ట్ విడుదల చేసిన ‘అసాసిన్స్ క్రీడ్ యూనిటీ’లో, విప్లవకాలపు పారిస్ నగరమంతటా నోస్ట్రడామస్ పేరుతో గ్రహాల, రాశుల పేర్లు పెట్టిన పద్దెనిమిది పొడుపుకథలు దాచారు. వాటిని విప్పుతూ నోత్ర్ దామ్ చర్చి వంటి కట్టడాల మీదికి ఎగబాకడం నిజంగా ఆనందం కలిగిస్తుంది. అన్నీ పూర్తిచేస్తే ఒక ప్రత్యేక కవచం బహుమతిగా దొరుకుతుంది. కానీ అక్కడ నోస్ట్రడామస్ అన్నది గూఢత్వానికి అంటించిన పేరు మాత్రమే. ఆ పేరు తీసి మరో పేరు పెట్టినా ఆటలో ఏమీ మారదు. సాలోన్ కథలో ఆయన్ను తీసివేస్తే ఇల్లు, కూతురు, మారువేషం, మందులగది అన్నీ కూలిపోతాయి.

కొనాలా వద్దా అన్న ప్రశ్నకు నా సమాధానం ఆడేవారి స్వభావాన్ని బట్టి ఉంటుంది. పరుగులు, పోరాటాలు కోరేవారికి ఇందులో ఏమీ లేదు. పత్రాలు చదవడం ఇష్టం లేనివారు మొదటి గంటలోనే విసిగిపోతారు, ఎందుకంటే చిక్కుముడుల తాళంచెవులన్నీ పత్రాల్లోనే ఉంటాయి. తెలుగులో ఆడే వీలు లేదు. ఇంగ్లిషులో కొంత పాతకాలపు వాక్యాలను చదివి అర్థం చేసుకునే ఓపిక ఉండాలి. కొన్ని చిక్కుముడుల్లో ఏం చేయాలో తెలిసినా ఎక్కడ నొక్కాలో తెలియక సమయం వృథా అవుతుంది. అటువంటి చోట సాయం వెతుక్కోవడంలో తప్పు లేదు. పాత విండోస్ కాలపు గేమ్ కాబట్టి, తమ కంప్యూటర్‌లో నడుస్తుందో లేదో కొనేముందే సరిచూసుకోవాలి. ఇంట్లో హైస్కూలు వయసు పిల్లలుంటే వారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆడమని ప్రత్యేకంగా చెబుతాను. హత్యలున్న కథ కనుక మరీ చిన్నపిల్లలకు తగదు గానీ, పన్నెండు పదమూడేళ్లు దాటిన పిల్లలు పట్టికలు చదవడంలోనూ సంకేతలిపి విప్పడంలోనూ పెద్దలకన్నా చురుకుగా ఉంటారు. ఒకరు మౌస్ పట్టుకుంటే మరొకరు నోటుపుస్తకం పట్టుకోవాలి. గ్రహాల గుర్తులు, మందుల కొలతలు, ఎవరు ఎవరితో ఏ వేషంలో ఏం మాట్లాడారు అన్నవి రాసుకుంటూ పోతే రాజమాత ఆస్థానంలో ఎవరు అబద్ధం చెబుతున్నారో ఆ పుస్తకంలోనే తేలుతుంది.